ఇరవై నాలుగు ఎముక పలకలు

"ఎవరినడిగి చేశావు?" అంది అత్తగారు.

అప్పటికి అడగడం మూడోసారి. ల్యాబ్ గుమ్మంలో ఒకసారి అడిగింది. కారులో దారి పొడుగునా నోరు కుట్టేసుకుని కూర్చుని, ఇంటి మెట్ల మీద రెండోసారి అడిగింది. ఇప్పుడు హాల్లో నిలబడి, చెప్పులైనా విప్పకుండా, చేతిసంచీ సోఫాలోకి విసిరి మళ్ళీ అదే ప్రశ్న.

"ఎవరినీ అడగలేదు అత్తయ్యా," అంది కోడలు. "గుంటలు లెక్కపెట్టడం నా పని. లెక్కపెట్టాను."

"లెక్కపెట్టడమే నీ పని. నా మందు మీద తీర్పులు చెప్పడం కాదు. అదీ నా దగ్గర చదువుకునే పిల్లల ముందు! గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, నిన్న మొన్న పిపెట్ పట్టుకోవడం నేర్పిస్తే ఇవాళ నాకే పాఠం చెబుతావా?"

"నిన్న మొన్న కాదు. పదకొండేళ్ళయింది."

"పదకొండేళ్ళూ దండగే అయితే!"

అత్తగారంటే మామూలు అత్తగారు కాదు. గడప లోపల అత్తయ్య, గడప దాటితే మేడం. ఎముకల జబ్బుల మీద ముప్పై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న ప్రొఫెసరు. ఆ ల్యాబ్‌లో కోడలు టెక్నీషియను, పెళ్ళికి ముందు నుంచే. 'ఇంతమందిలో చెయ్యి వణకనిది ఇదొక్కతే' అని ఆవిడే ఏరికోరి కొడుక్కి చేసుకుంది. చెయ్యి వణకని పిల్లకు నోరు కూడా ఉంటుందని అప్పట్లో ఆవిడకు తోచలేదు పాపం.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కబేళా నుంచి తెచ్చిన పశువు తొడ ఎముకను చిన్న రంపంతో చిటికెన వేలి గోరంత పలకలుగా, పల్చగా కోస్తారు. ఒక్కో పలకను ఒక్కో బుల్లి గిన్నెలో వేసి, పోషక ద్రవం పోసి, ఎముకను తినే కణాలను దాని మీద వదులుతారు. అవేవో బయటి పురుగులు కావు, అందరి ఒంట్లోనూ ఉండేవే. పాత ఎముకను కరిగించడం వాటి ఉద్యోగం. అవి పలకకు కరుచుకుని, కడుపు కింద పులుపు కక్కి గుంటలు తవ్వుతాయి. అయిదు రోజులాగి కణాలను కడిగేసి, పలకకు నీలం రంగు అద్దితే గుంటలు నల్లగా తేలతాయి. మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టుకోవడమే. మందు కలిపిన గిన్నెలో గుంటలు తగ్గితే మందు పనిచేసినట్టు.

'మీ కోడలు ఏం చేస్తుందండీ?' అని చుట్టాలు అడిగితే, 'గుంటలు లెక్కపెడుతుంది' అని చెప్పి అత్తగారు నవ్వేది. చుట్టాలు కూడా నవ్వేవారు, ఏమీ అర్థం కాకపోయినా.

"పొద్దున ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది," అంది కోడలు. "మామయ్యగారికి ఇంజెక్షన్ గడువు దాటి మూడు నెలలైందట."

"తెలుసు."

"తెలుసా?"

"ఆర్నెల్లకోసారి వేసేది తొమ్మిది నెలలైనా వేయించలేదంటే మర్చిపోయాననుకున్నావా? ఆ సూది ఇక అక్కర్లేదు. నా మందు తాగుతున్నారు కదా."

ఆ మాట మాత్రం నిజం. ఏదో చెట్టు వేరు నుంచి తీసిన పొడి. ల్యాబ్‌లో పలకల మీద ఎనిమిదేళ్ళుగా పరీక్షిస్తున్న పొడి. దాన్ని ఆవిడ రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళల్లో కలిపి మొగుడికి ఇస్తోంది, ఎవరి అనుమతీ లేకుండా. పరాయి మనిషికి ఇవ్వాలంటే సవాలక్ష కాగితాలు కావాలి. మొగుడికి ఇవ్వడానికి గ్లాసు చాలు.

ఆ మొగుడు కిటికీ దగ్గర పేముకుర్చీలో కూర్చుని వింటున్నాడు. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. అందరూ మాస్టారనే పిలుస్తారు. ఉబ్బసానికి పాతికేళ్ళు మింగిన మాత్రలు ఆయన ఊపిరిని నిలబెట్టి ఎముకలను గుల్ల చేశాయి. అందుకే ఆ ఇంజెక్షను.

"ఆ ఇంజెక్షన్ మధ్యలో ఆపకూడదట అత్తయ్యా. ఆపితే ఇన్నాళ్ళూ అణిగి ఉన్న కణాలన్నీ ఒక్కపెట్టున లేస్తాయట. వెన్నుపూసలు వరసగా నలిగిపోతాయట. పెద్ద దెబ్బ కూడా తగలక్కర్లేదట, వంగితే చాలట."

"అబ్బో! నర్సు చెప్పిందా? ఆ నర్సుకు చెప్పిన డాక్టరుకు ఆ ముక్క నేర్పింది నేను. కణాలు లేస్తాయని నాకు తెలుసు. లేవకుండా అణచడానికే నా మందు."

"మీ మందు అణచడం లేదు. సోడా అణుస్తోంది."

ల్యాబ్‌లో పిల్లల ముందు అన్న మాట అదే. ఇంటికొచ్చాక మళ్ళీ అనే ధైర్యం ఉంటుందని అత్తగారు అనుకోలేదు. అన్న కోడలికే ఆ నమ్మకం లేదు.

"ఏం సోడా?" అన్నాడు కోడలి మొగుడు. అప్పటిదాకా అతను సెల్‌ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఆఫీసులో అతనికి 'అవునమ్మ' అని పేరు. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా పక్క బల్లల వాళ్ళకు వినిపించేది ఆ ఒక్క ముక్కే మరి.

కోడలు అతనికి కాదు, మామగారికి చెప్పింది. "రెండేళ్ళ కిందట పొడి కొత్త రకం వచ్చింది మామయ్యా. అది ఉత్త నీళ్ళల్లో కరగదు. చుక్క కాస్టిక్ సోడా వేసిన నీళ్ళల్లోనే కరుగుతుంది. అలా కరిగించి గిన్నెల్లో పోస్తున్నాం. నారింజ రంగులో ఉండాల్సిన ద్రవం కాస్తా గులాబీ రంగుకు తిరుగుతోంది. అందులో కణాలు చావవు. బతికే ఉంటాయి, కానీ తవ్వవు. కాస్త పులుపు తగిలితే తప్ప వాటికి తవ్వే బుద్ధి పుట్టదు. ఇక మందు లేని గిన్నెల్లో ఏం పోశామంటే, ఉత్త నీళ్ళు. సోడా అక్కడ వెయ్యలేదు. పోయిన వారం నేను మందు లేకుండా సోడా ఒక్కటే వేసి చూశాను. గుంటలు లేవు."

"గుంటలు ఒక్కటే చూశావు," అంది అత్తగారు. "కణాలు ఎముకను తింటే ఆ తుక్కు ద్రవంలోకి వస్తుంది. ఆ తుక్కును కొలిచే పరీక్ష వేరే ఉంది. అందులోనూ నా మందు దగ్గర తక్కువే వచ్చింది. దానికేమంటావు?"

"తవ్వకపోతే తుక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది అత్తయ్యా? తినని విస్తట్లో ఎంగిలి వెతికితే దొరుకుతుందా?"

కిటికీ వైపు నుంచి చిన్న నవ్వు వినబడింది. అత్తగారు అటు తిరిగేసరికి మాస్టారు దగ్గాడు.

"నవ్వండి, నవ్వండి. మీ ఎముకల గురించే కదా ఈ తగువంతా. మీకు నవ్వులాటగానే ఉంటుంది."

"అమ్మా, దాని మాటలకేం గానీ నువ్వు కూర్చో ముందు," అన్నాడు అవునమ్మ.

"దాని మాటలకేంటా? మీ నాన్న నడుము అండీ అది!" అంది కోడలు. "మీరైనా చెప్పండి. రేపు పొద్దున్నే వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకొద్దాం. తగువు తర్వాత తీరిగ్గా పడదాం."

అతను తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "అమ్మ చెప్పింది కదా," అన్నాడు.

పదేళ్ళ కాపురంలో ఆ ముక్క ఆమె ఎన్నిసార్లు విన్నదో దేవుడికెరుక. కోపం ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు మిగిలింది అసహ్యమే. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, జుట్టు దువ్వి ఉంది, లోపల మాత్రం ఎవరూ లేరు.

"సరే," అంది అత్తగారు. ఆవిడ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. తగ్గితేనే భయపడాలి. "మూడు రకాలు పెట్టు. ఒకదాంట్లో ఏమీ వద్దు. రెండోదాంట్లో నా మందు వెయ్యి, కానీ సోడాను విరగ్గొట్టి, గులాబీ రంగు లేకుండా సరిచేసి వెయ్యి. మూడోదాంట్లో సోడా ఒక్కటే. రకానికి ఎనిమిది, మొత్తం ఇరవై నాలుగు పలకలు. లెక్క నేను పెడతాను, నువ్వు కాదు. ఏ పలక ఏదో నాకు తెలియకుండా నంబర్లు మాత్రమే ఉండాలి."

"నంబర్లు ఎవరేస్తారు?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. కోడలు కూడా చూసింది.

"వాడొద్దు," "ఆయనొద్దు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఏడాది వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

"నేనేస్తానులే," అన్నాడు మాస్టారు.

"అంతవరకూ ఇంజెక్షన్?" అంది కోడలు.

"నా మొగుడికే నేను నమ్మి ఇవ్వలేని మందును లోకానికి ఏ ముఖం పెట్టుకుని ఇస్తాను?" అంది అత్తగారు. "లెక్క తేలేదాకా సూది మాటెత్తకు."

కోడలు మామగారి వైపు చూసింది. ఒక్క మాట, వేయించుకుంటానని ఆయన అంటే చాలు.

"వారం రోజులే కదా తల్లీ," అన్నాడాయన. "ఇన్నాళ్ళు ఆగినవాణ్ణి, వారం ఆగలేనా?"

* * *

ఆ వారం ఇంట్లో మాటలు లేవు.

లేవంటే బొత్తిగా లేవని కాదు. అత్తగారికి ఉప్పు కావలసి వస్తే ఎదురుగా ఉన్న కోడల్ని అడగదు. పక్కనున్న కొడుకుతో, "ఉప్పు ఇటివ్వమను," అంటుంది. కొడుకు పెళ్ళాంతో, "ఉప్పు ఇవ్వమంటోంది," అంటాడు. కోడలు ఉప్పు డబ్బా మామగారి చేతికిస్తుంది. ఆయన దాన్ని భార్య ముందు పెడతాడు. చెంచాడు ఉప్పు నలుగురు మనుషుల మీదుగా ప్రయాణం చేసేది.

ల్యాబ్‌లో అదీ లేదు. కోడలు ఎముకను రంపానికి బిగించి, బ్లేడు మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుంటే, పలకలు కోసుకుంది. కడిగింది, ఆరబెట్టింది, గిన్నెల్లో వేసింది, కణాలను వదిలింది. మేడం ఆ వైపు రానే లేదు. చదువుకునే పిల్లలు మాత్రం ఏదో ఒక వంకతో వచ్చి గిన్నెల రంగు చూసి పోయేవారు. పదహారు నారింజ రంగులో, ఎనిమిది గులాబీ రంగులో. 'ఎవరు గెలుస్తారు అక్కా?' అనాలని వాళ్ళకు ఉంది. ఎవరికీ నోరు పెగల్లేదు. డిగ్రీలు ఇచ్చే చెయ్యి మేడంది, అక్కది కాదు.

రోజూ పొద్దున్న గ్లాసులో పొడి కలిసేది. మాస్టారు గటగటా తాగి మూతి తుడుచుకునేవాడు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఆపడానికి ఆమె ఎవరు? గుంటలు లెక్కపెట్టే మనిషి.

ఆరోనాడు పలకలు తయారయ్యాయి. ఆమె ఒక్కోదాన్ని ఒక్కో చిన్న మూత డబ్బాలో పెట్టి, డబ్బా అడుగున అది ఏ రకమో రాసి, అన్నీ పెట్టెలో సర్ది ఇంటికి తెచ్చింది. అత్తగారు తన గదిలోకి పోయి తలుపేసుకుంది. మాస్టారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, డబ్బాలను పేకముక్కల్లా కలిపేసి, అడుగున ఉన్న రాతలను చెరిపేసి, మూతల మీద నంబర్లు అంటించాడు. ఏ నంబరు ఏ రకమో ఒక కాగితం మీద రాసుకుని, కవర్లో పెట్టి అంటించి, జేబులో వేసుకున్నాడు. ఇది చేస్తున్నంతసేపూ కోడలు పెరట్లో ఉంది. చూడకూడదని ఆమె నియమం. పెట్టుకుంది కనక పాటించింది.

మర్నాడు ల్యాబ్‌లో లెక్క. మేడం మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కోడలు పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుంది, రాయడానికి మాత్రమే.

"ఒకటి. అరవై మూడు."

రాసింది.

"రెండు. యాభై ఎనిమిది. ఏం కోత ఇది? సగం పలక రంపం గీతలే. ఈ గీతల్ని గుంటలనుకునే లెక్కపెట్టావా ఇన్నేళ్ళూ?"

"గీత తిన్నగా ఉంటుంది మేడం, గుంట గుండ్రంగా ఉంటుంది. నాకు తెలుసు."

"తెలిసినట్టే ఉంది కోత చూస్తే."

మూడో పలక దగ్గర మేడం ఆగింది. తల పైకెత్తి, కటకాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. మళ్ళీ చూసింది. పలకను అటూ ఇటూ జరిపింది.

"నాలుగు," అంది.

ఆ తర్వాత ఆవిడ వెటకారం ఆగిపోయింది. నంబరు, లెక్క, నంబరు, లెక్క. మధ్యాహ్నం కాఫీ తెస్తే చల్లారిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఇరవై నాలుగోది అయింది. పదహారు పలకల నిండా గుంటలే. ఎనిమిదింటి మీద రెండు, మూడు, నాలుగు.

కోడలు ఆ అంకెల వంక చూస్తూ కూర్చుంది. అత్తగారిది నిజమైతే ఆ ఎనిమిదీ మందు పలకలు అయి ఉండాలి. తనది నిజమైతే సోడా పలకలు అయి ఉండాలి. లెక్కలో తేలేది ఇంకేమీ లేదు. తేలాల్సింది మాస్టారి జేబులో ఉంది.

మేడం లేచి కోటు విప్పింది. డబ్బాల పెట్టెను ఇంటికి తెచ్చి బీరువా కిందకు తోసింది, రాత్రి ఏమీ తినలేదు. పొద్దున్న విప్పుదామని మొగుడితో చెప్పి పడుకుంది.

* * *

పొద్దున్న అందరూ హాల్లోకి వచ్చేసరికి మాస్టారు అప్పటికే పేముకుర్చీలో ఉన్నాడు. డబ్బాల పెట్టె బల్ల మీద పెట్టి ఉంది. కవరు చేతిలో ఉంది. రోజూ ఈపాటికి గ్లాసు కలిసి ఉండేది. ఇవాళ అత్తగారు వంటింట్లోకి పోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"టీ చల్లారిపోతోంది మామయ్యా," అంది కోడలు.

"తాగుతాలే. ముందు ఇది కానీండి."

"చదవండి," అంది అత్తగారు.

ఆయన కవరు చించాడు. కాగితం మడత విప్పి కళ్ళజోడు సర్దుకున్నాడు. కోడలు పుస్తకం తెరిచింది.

"మూడు," అన్నాడు మాస్టారు. "మందు."

కోడలి చెయ్యి ఆగిపోయింది.

"అయిదు. మందు. తొమ్మిది. మందు." ఆయన తల ఎత్తడం లేదు. "పదకొండు. పధ్నాలుగు. పదిహేడు. ఇరవై. ఇరవై మూడు. ఇవన్నీ మందే."

ఎనిమిదీ గుంటలు దాదాపు లేని ఆ ఎనిమిదే.

"మరి సోడా?" అంది కోడలు.

"ఒకటి, నాలుగు, ఎనిమిది..." అని చదువుకుంటూ పోయాడు. అన్నీ గుంటలున్నవే.

"అమ్మా, నువ్వే గెలిచావు!" అంటూ అవునమ్మ ఎగిరి గంతేశాడు. పెళ్ళాం వైపు తిరిగి, "ఇప్పుడేమంటావు? ఇంత రభస చేశావు, ఇల్లు పీకి పందిరేశావు! అమ్మ కాళ్ళ మీద పడు ముందు," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. తన జీవితంలో ఒక నిర్ణయం సరైనదని తేలడం అతనికి ఇదే మొదటిసారి. అది కూడా అతను తీసుకున్నది కాదు.

కోడలు పట్టించుకోలేదు. ఎనిమిది గులాబీ గిన్నెలను తన కళ్ళతో తను చూసింది. వాటిలో అరవై గుంటలు పడడం జరిగే పని కాదు. చెయ్యి తడబడిందా? గిన్నెలు మారిపోయాయా? పదకొండేళ్ళలో మొదటిసారి ఆమెకు తన చేతుల మీద అనుమానం వచ్చింది.

అత్తగారు మొగుణ్ణే చూస్తోంది. అలా చూడడం చాలాసేపయింది. కొడుకు గంతులు వాటంతటవే ఆగిపోయాయి.

"కాగితం ఇలా ఇవ్వండి," అంది.

మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకున్నాడు. "ఎందుకిప్పుడు? చదివానుగా."

"అక్కర్లేదులెండి, ఉంచుకోండి." ఆవిడ గొంతులో విసుగు తప్ప ఏమీ లేదు. "ఆ ఎనిమిది పలకల మీదా సున్నంలాంటి తెల్లటి నలుసులున్నాయి. గుంటల పక్కన సన్నగా చల్లినట్టుంటాయి. గులాబీ నీళ్ళల్లో నానిన పలక మీదే ఆ సున్నం పేరుకుంటుంది. సరిచేసిన గిన్నెలో పేరుకోదు. మూడో నంబరు దగ్గరే చూశాను నేను. నాకు నిన్ననే తెలిసిపోయింది."

"అంటే?" అన్నాడు అవునమ్మ.

"అంటే మీ నాన్న అబద్ధం చదివాడని. నోరు మూసుకో." ఆవిడ మొగుడి వైపు నుంచి చూపు తిప్పలేదు. "ఎందుకండీ?"

మాస్టారు గుప్పిట్లో కాగితాన్ని ఇంకా నలుపుతున్నాడు. "రాత్రి నువ్వేమీ తినలేదు," అన్నాడు.

"నేను తినకపోతే?"

"ఓడిపోయానని నీకు అర్థమైపోయిందనుకున్నాను. సోడా ఉన్నచోట మందు అని చదివితే నీకు కాస్త..." మాట పూర్తిచేయలేదు.

"జాలా?" ఆవిడ లేచి నిలబడింది. "నా మీద జాలిపడ్డారా? ముప్పై ఏళ్ళు ఈ రంగంలో నన్ను తిట్టినవాళ్ళున్నారు, నా పేపర్లు చించేసినవాళ్ళున్నారు, వెనకాల నవ్వినవాళ్ళున్నారు. ఒక్కడూ జాలిపడలేదు! ఇంట్లో మీరు పడ్డారు. చిన్నపిల్లకు ఆట గెలిపించినట్టు నాకు లెక్క గెలిపిస్తారా? సిగ్గులేదూ?"

"నువ్వు కోప్పడకు."

"ఎప్పటినుంచి అనుకుంటున్నారు, నా మందు పనిచేయదని?"

"నాకేం తెలుసు? బొమ్మలేసుకునేవాణ్ణి. ఈమధ్య పొట్టివాణ్ణవుతున్నట్టు అనిపించేది. పంట్లాం మడమల కింద పడుతోంది. ఎముకలు అరుగుతున్నాయేమో అనుకున్నాను."

"అనుకుని కూడా తాగారా? ఎందుకు తాగారు?"

"నువ్వు కలిపి ఇచ్చావు కదా," అన్నాడు మాస్టారు.

అత్తగారు నోరు తెరిచింది. ఎవరినైనా నిమిషంలో నీరుగార్చే నోరు అది. కిటికీ దాకా నడిచింది, తిరిగి వచ్చింది, కోడలి ముందు ఆగింది.

"నువ్వు గెలిచావని చంకలు గుద్దుకోకు. రెండేళ్ళు ఆ గులాబీ రంగు నీ కళ్ళ ముందే ఉంది. రోజూ గిన్నెల్లో పోసింది నువ్వే. నువ్వూ చూడలేదు."

కోడలికి చెంప మీద కొట్టినట్టయింది. రెండేళ్ళూ ఆ రంగు చూసింది, బాగుందనుకుంది కూడా. అత్తగారిని తిట్టుకోవడంలో ఆ ముక్క తనకే గుర్తులేకుండా పోయింది.

"ఫోన్ చెయ్యి ఆస్పత్రికి," అంది అత్తగారు.

కోడలు చేసింది. అదే నర్సు ఎత్తింది. పన్నెండు లోపు తీసుకురమ్మంది. ఇంకేదో గట్టిగా కూడా అంది. కోడలు 'ఊఁ, ఊఁ' అంటూ వింది.

"కారు తియ్యరా," అంది అత్తగారు కొడుకుతో.

"అవునమ్మా," అంటూ తాళాలకు పరిగెత్తాడు.

"లేవండి," అంది మొగుడితో.

మాస్టారు లేవలేదు.

"లేవండి అంటుంటే! పన్నెండు లోపట. మీ అలకలు తర్వాత చూసుకుందాం."

"రేపు వెళదాంలే."

"రేపా? ఇవాళ ఏమొచ్చింది? ఏం, ఇప్పుడు పంతమా? నేను మందు ఇస్తే నోరెత్తకుండా తాగారు, ఇప్పుడు సూది అంటే పంతమొచ్చిందా?"

"పంతం కాదే."

"మరి?"

కోడలు అప్పుడు ఆయన్ని చూసింది. నుదుటి మీద చెమట పట్టి ఉంది. కుర్చీ చేతిని పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ముట్టని టీ మీద మీగడ కట్టింది.

"పొద్దున్న మీరు లేవకముందు, ఆ డబ్బాల పెట్టె బీరువా కిందనుంచి వంగి తీశాను," అన్నాడాయన. భార్యకే చెప్పాడు, తప్పు చేసిన బడిపిల్లాడిలా. "నడుములో ఏదో కలుక్కుమంది. ఎలాగో బల్ల మీద పెట్టి కూలబడ్డాను. అప్పట్నుంచీ కాళ్ళు కదలడం లేదు. మీకు చెబుదామనే అనుకున్నాను. మీరంతా లెక్కలో ఉన్నారు, సందు దొరకలేదు."